వారానికి ఒక పెన్నీ: ఒక చర్చి అప్పులోంచి పుట్టిన చిన్న గుంపుల కథ

మొన్నటి ఎపిసోడ్ కింద చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, ఆదివారం ఆరాధనకి వెళ్తున్నాం, వాక్యం వింటున్నాం, వెళ్లలేని రోజు లైవ్‌లో చూస్తున్నాం. మళ్ళీ ఈ సెల్ గ్రూపులు, గృహ కూడికలు ఎందుకు? తప్పనిసరా?" అని. దీనికి ఒక వచనం చెప్పి వదిలేయొచ్చు. కానీ మనది చరిత్ర ఎపిసోడ్ కాబట్టి ఈ ప్రశ్న మనకంటే ముందు ఎవరికి ఎదురైందో, వాళ్ళు ఏం చేశారో చూద్దాం. ఈ కథ ఒక అప్పుతో మొదలవుతుంది. బిల్డింగ్ కట్టిన అప్పు. మన సంఘాలకి బాగా పరిచయమున్న విషయమే కదా!

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ అని ఒక రేవు పట్టణం. 1739లో జాన్ వెస్లీ అక్కడ ఆరుబయట ప్రసంగించడం మొదలుపెట్టాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న మనిషి, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ గురువు. గుడి బయట, పొలంలో నిలబడి వాక్యం చెప్పడం ఆయనకి మొదట్లో సిగ్గుగానే అనిపించింది. ఆయన స్నేహితుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ అప్పటికే బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికుల మధ్య బోధిస్తున్నాడు. ఆయన రమ్మంటే వెస్లీ వెళ్ళాడు. ఏప్రిల్ 2న మొదటిసారి బహిరంగంగా నిలబడ్డాడు. వేలమంది వచ్చారు. మే నెలలోనే వాళ్ళు కూడుకోవడానికి ఒక గది కట్టడానికి పునాది వేశారు. దాని పేరు న్యూ రూమ్. అది ఇప్పటికీ బ్రిస్టల్‌లో ఉంది. మెథడిస్టులు కట్టిన కట్టడాల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదే.

కట్టడం అయితే కట్టారు, అప్పు మిగిలిపోయింది. 1742 ఫిబ్రవరి 15న ముఖ్యమైన వాళ్ళందరూ కూర్చుని ఈ అప్పు ఎలా తీరుద్దాం అని మాట్లాడుకున్నారు. అప్పుడు ఫాయ్ అనే ఒక కెప్టెన్ లేచి, సొసైటీలో ఉన్న ప్రతి ఒక్కరూ వారానికి ఒక పెన్నీ ఇస్తే అప్పు తీరిపోతుంది అన్నాడు. పెన్నీ అంటే షిల్లింగ్‌లో పన్నెండో వంతు, చాలా చిన్న మొత్తం. అయినా ఒకాయన, "మనలో చాలామంది బీదవాళ్ళు, అంత కూడా ఇవ్వలేరు" అన్నాడు.

దానికి ఫాయ్ చెప్పిన జవాబే ఇవాళ మన కథ. అందరికంటే బీదవాళ్ళని పదకొండు మందిని నాకు అప్పగించండి అన్నాడు. వాళ్ళు ఇవ్వగలిగితే మంచిది, ఇవ్వలేకపోతే వాళ్ళ వంతు నేనే వేస్తాను. మీరందరూ కూడా మీ ఇరుగుపొరుగులో పదకొండు మంది దగ్గరికి వారం వారం వెళ్ళండి, ఇచ్చింది తీసుకోండి, తక్కువైంది మీరు కలపండి. ఇదీ ఆయన మాట సారాంశం.

గమనించండి. ఆయన అడిగింది ధనవంతులైన పదకొండు మందిని కాదు. చందా వసూలు చేసేవాడు ఎప్పుడైనా డబ్బున్న ఇళ్ళ లిస్టు తనకి పెట్టుకుని, మిగతాది వేరేవాళ్ళకి తోసేస్తాడు. ఈయన రివర్స్‌లో వెళ్ళాడు.

సరే, అందరూ ఒప్పుకున్నారు. ప్రతి ఒక్కరికీ పదకొండు ఇళ్ళు. వారం వారం తలుపు కొట్టడం మొదలైంది. అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. పెన్నీ కోసం వెళ్ళినవాళ్ళు ఇంటి లోపలి సంగతి చూశారు. వచ్చి వెస్లీకి చెప్పడం మొదలుపెట్టారు: ఫలానా ఆయన ఇంట్లో మొగుడూ పెళ్ళాల గొడవ, ఫలానా ఆయన తాగి పడున్నాడు. ఆదివారం మీటింగులో అందరితో కలిసి పాటలు పాడేవాళ్ళే వీళ్ళు. అక్కడ చూస్తే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. ఇంటి గడపలో నిలబడితే తెలిసిపోతుంది.

వెస్లీకి అప్పుడు వెలిగింది. ఇన్నాళ్ళుగా మనం వెతుకుతున్నది ఇదే కదా అనుకున్నాడు. వందల మందిని ఒక్క గురువు చూసుకోలేడు. వీళ్ళు చూడగలరు. అప్పు కోసం పెట్టిన ఏర్పాటు కాస్తా కాపరి పని చేసే ఏర్పాటు అయిపోయింది. మార్చి నెలలో లండన్‌లో కూడా ఇదే పద్ధతి మొదలుపెట్టారు. దీనికే క్లాస్ అని పేరు. స్కూల్లో క్లాస్ కాదు, పాఠం చెప్పడం కాదు. విభాగం, గుంపు అనే అర్థంలో వాడారు. పన్నెండు మంది, వాళ్ళలో ఒకరు లీడర్.

మొదట్లో లీడర్ ఇంటింటికీ వెళ్ళేవాడు. తర్వాత అది కుదరలేదు. కారణాలు చాలా మామూలువి. లీడర్లకి కూడా పనులున్నాయి కదా, అంత టైమ్ దొరకలేదు. చాలామంది ఇంకొకరి ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళు. పనిమనిషితో ఎవరో వచ్చి ఏకాంతంగా మాట్లాడతామంటే యజమానులు ఒప్పుకోలేదు. ఇంకోటి, ఇద్దరి మధ్య మనస్పర్థ వస్తే ఒకరి ఇంట్లో ఒక మాట, ఇంకొకరి ఇంట్లో ఇంకో మాట వినాల్సి వచ్చేది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితేనే తేలుతుంది. అందుకని పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట కలవడం మొదలుపెట్టారు. పాట, ప్రార్థన, తర్వాత లీడర్ ముందు తన సంగతి తాను చెప్పి, ఆ తర్వాత ఒక్కొక్కరినీ అడుగుతాడు: ఈ వారం నీ ఆత్మ ఎలా ఉంది? దేవునితో నీ నడక ఎలా సాగింది? మన భాషలో చెప్పాలంటే, "ఎలా ఉన్నావు తమ్ముడూ, నిజంగా చెప్పు" అన్నమాట.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కలిపేస్తారు. వెస్లీ దగ్గర క్లాసుల కంటే ముందే బ్యాండ్ అనే ఇంకా చిన్న గుంపులు ఉన్నాయి. ఈ ఆలోచన ఆయనకి మొరేవియన్ల దగ్గర్నుంచి వచ్చింది. 1738లో బ్యాండ్లకి రూల్స్ రాశారు. అందులో మగవాళ్ళు వేరు, ఆడవాళ్ళు వేరు, పెళ్ళైనవాళ్ళు వేరు, కానివాళ్ళు వేరు. అక్కడ ప్రశ్నలు చాలా లోతుగా ఉండేవి. ఈ వారం తెలిసి చేసిన పాపం ఏంటి, ఏ శోధన వచ్చింది, దాన్నుంచి ఎలా బయటపడ్డావు అని సూటిగా అడుగుతారు. అందరూ తట్టుకోలేరు. అందుకే బ్యాండ్ ఇష్టపడి, తయారై వచ్చినవాళ్ళకి. క్లాస్ మాత్రం అందరికీ. క్లాసులో మగవాళ్ళు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, కుర్రాళ్ళు, ఒకే వీధిలో ఉన్నవాళ్ళు కలిసి కూర్చునేవాళ్ళు. చేరడానికి గొప్ప సాక్ష్యం అక్కర్లేదు. పాపం నుంచి బయటపడాలి, రక్షణ పొందాలి అన్న కోరిక ఉంటే చాలు. ఇంకా నమ్మకం స్థిరపడనివాడు కూడా రావచ్చు. నా దృష్టిలో క్లాస్ అంతమందికి ఉపయోగపడడానికి కారణం ఇదే: తలుపు వెడల్పు, లోపల ప్రశ్న నిజాయితీగలది.

వెస్లీకి ఈ చిన్న గుంపుల రుచి కొత్తగా తగిలింది కాదు. ఆయన ఎనిమిదేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు, 1711-12 చలికాలంలో, గురువైన తండ్రి శామ్యూల్ లండన్‌లో ఉన్నాడు. ఎప్‌వర్త్ ఊళ్ళో తల్లి సుసన్నా ఆదివారం సాయంత్రం వంటింట్లో పిల్లలకీ పనివాళ్ళకీ ఒక ప్రసంగం చదివి, ప్రార్థన చేసేది. పక్కింటివాళ్ళు మేమూ వస్తాం అన్నారు. చివరికి రెండు వందలు దాటారు. తండ్రి స్థానంలో ఉన్న అసిస్టెంట్ గురువుకి ఒళ్ళు మండి, ఒక ఆడమనిషి ఇలా కూటాలు పెట్టడమేంటని భర్తకి ఉత్తరం రాశాడు. భర్త ఆపమని రాశాడు. ఆవిడ తిరిగి రాసిన జవాబు మర్యాదగా ఉంటూనే చాలా గట్టిది: ఊరికే కోరుకుంటే చాలదు, ఆపమని స్పష్టంగా ఆజ్ఞ ఇవ్వండి, రేపు దేవుని తీర్పు ముందు ఈ ఆత్మల లెక్క అడిగితే ఆ బాధ్యత నా మీద ఉండకుండా ఇవ్వండి అని. ఆయన మళ్ళీ మాట్లాడితే ఒట్టు. ఆ వంటింట్లో కూర్చున్న పిల్లల్లో జాన్ ఒకడు.

అలాగే 1738 మే 24. వెస్లీ జీవితం మలుపు తిరిగిన రోజు. లండన్‌లో ఆల్డర్స్‌గేట్ స్ట్రీట్‌లో జరిగిన ఒక చిన్న కూడికకి ఆయన ఇష్టం లేకుండానే వెళ్ళాడు. ఎవరో రోమా పత్రికకి లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. రాత్రి తొమ్మిది కావడానికి పావుగంట ముందు తన హృదయం వెచ్చబడింది అని ఆయనే డైరీలో రాసుకున్నాడు. అక్కడ పెద్ద స్టేజీ లేదు, పేరున్న ప్రసంగీకుడు లేడు.

ఇంకా వెనక్కి వెళ్తే, జర్మనీలో ఫిలిప్ స్పెనర్ అనే లూథరన్ గురువు 1670లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తన ఇంట్లోనే ఇలాంటి కూడికలు మొదలుపెట్టాడు. ఆ ఉద్యమమే పయటిజం. దాని కేంద్రం హాలే పట్టణం. తెలుగువాళ్ళం మనం ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ హాలే నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకుని, 1720లలో, 30లలో బైబిల్‌ని తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అప్పట్లో అచ్చవ్వలేదు గానీ, తిరిగి వెళ్ళాక 1740లలో హాలేలో ఆయన చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చైన తొలి పుస్తకాల్లో అవి ఉన్నాయి. అంటే ఒక గురువు ఇంటి హాల్లో పదిమంది కూర్చోవడంతో మొదలైన గొలుసు మన లిపి దాకా వచ్చిందన్నమాట.

సంఘ చరిత్ర మొదట్నుంచీ చూస్తే ఇల్లే అసలు స్థలం. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో ఇంటింట రొట్టె విరవడం, అకుల ప్రిస్కిల్లల ఇంట్లో ఉన్న సంఘం, ఫిలేమోను ఇంట్లో ఉన్న సంఘం, ఇవన్నీ మీకు తెలుసు. సిరియాలో దూరా యూరోపస్ అనే చోట తవ్వకాల్లో మూడో శతాబ్దం నాటి ఒక ఇల్లు బయటపడింది. రెండు గదుల మధ్య గోడ తీసేసి కూడికకి వాడుకున్నారు, ఇంకో గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి గోడల మీద బొమ్మలు వేశారు. డెబ్బై మంది పట్టడమే కష్టం ఆ హాల్లో.

ఇప్పుడు మళ్ళీ వెస్లీ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు పాయింట్ ఇంకా రాలేదు.

వైట్‌ఫీల్డ్, వెస్లీ ఇద్దరిలో ప్రసంగీకుడిగా ఎవరు గొప్ప అంటే, ఆ కాలం జనం ఏమాత్రం ఆలోచించకుండా వైట్‌ఫీల్డ్ అనేవాళ్ళు. గొంతు అలాంటిది. ఇవాళ ఉంటే వ్యూస్ అన్నీ ఆయనవే. వెస్లీ మాత్రం ఒక మొండి పట్టుదలతో, ఎక్కడ ప్రసంగిస్తే అక్కడ గుంపులు కట్టకుండా కదలకూడదు అనుకున్నాడు. 1763 ఆగస్టులో వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ ప్రాంతానికి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళుగా అక్కడ ప్రసంగాలు జరిగాయి. కానీ క్రమమైన సొసైటీలు లేవు, ఒకరినొకరు కలిపి ఉంచే ఏర్పాటు లేదు. ఫలితం ఏంటని చూస్తే, ఒకప్పుడు మేల్కొన్న పదిమందిలో తొమ్మిది మంది ముందుకంటే గాఢంగా నిద్రపోతున్నారని డైరీలో బాధతో రాశాడు. మేల్కొలిపి, కలిపి ఉంచకపోతే ఆ పిల్లల్ని కని హంతకుడి చేతిలో పెట్టినట్టే అన్న భావం ఆయనది. కఠినమైన మాట. కానీ మన ఊళ్ళల్లో మూడు రోజుల సువార్త సభలు చూడండి. టెంట్, లైట్లు, సౌండ్, చేతులెత్తినవాళ్ళు వందల మంది. నాలుగో రోజు టెంట్ విప్పేశాక ఆ చేతులెత్తిన కుర్రాడి ఫోన్ నంబరు ఎవరి దగ్గర ఉంటుంది? అతను మళ్ళీ పాత ఫ్రెండ్స్‌తో తాగడానికి వెళ్ళిన రాత్రి, వద్దురా అనేది ఎవరు?

అలాగని క్లాస్ మీటింగ్ అంటే అంతా తేనె, పాలు అనుకోకండి. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన కాగితం 1743 మార్చిది. వెస్లీ న్యూకాసిల్‌లో సొసైటీని ఒక్కొక్కరినీ పరిశీలించి, వెళ్ళిపోయినవాళ్ళ లెక్క, తీసేసినవాళ్ళ లెక్క వేరువేరుగా రాసుకున్నాడు. తనంతట తాము మానేసినవాళ్ళు 76 మంది. ఎందుకు మానేశారో కూడా రాశాడు. 12 మందికి తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. 9 మందికి భర్తో భార్యో ఒప్పుకోలేదు. 9 మంది జనం నవ్వుతారని మానేశారు. ముగ్గురు బీదవాళ్ళకిచ్చే సహాయం పోతుందని భయపడ్డారు. ముగ్గురికి టైమ్ లేదు. ఇద్దరికి దూరం ఎక్కువైంది. ఇద్దరు ఫలానా ఆయన ఉన్న చోటికి మేం రాం అన్నారు. ఒకరు, దేవుణ్ణి సేవించడానికి ఇంకా చాలా టైముందిలే అన్నారట. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటి లిస్టు ఇది! ఇవాళ మీ యూత్ గ్రూప్‌లో రానివాళ్ళకి ఫోన్ చేసి కారణాలు రాసుకోండి, ఇంచుమించు ఇదే వస్తుంది.

తీసేసినవాళ్ళు 64 మంది. 17 మంది తాగుడు వల్ల. ముగ్గురు కొట్లాటల వల్ల. నలుగురు పక్కవాళ్ళ మీద చెడు మాటలు చెప్పినందుకు. ఇద్దరు సారా అమ్మినందుకు. ఒకడు పెళ్ళాన్ని కొట్టినందుకు. ఒకడు సోమరితనం వల్ల. అందరికంటే ఎక్కువగా, 29 మంది, నిర్లక్ష్యం వల్ల, అంటే దేన్నీ సీరియస్‌గా తీసుకోకపోవడం వల్ల. పెళ్ళాన్ని కొట్టినందుకు 1743లో ఒకణ్ణి సంఘం బయటపెట్టింది. ఆ కాలంలో చట్టం కూడా పట్టించుకోని విషయం అది. ఇవాళ మన సంఘాల్లో ఎంతమంది స్త్రీలు ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేక ముందు వరసలో కూర్చుని పాటలు పాడుతున్నారో ఆలోచించండి. చిన్న గుంపులో ఉన్న ఒక అక్కకి మాత్రమే ఆ విషయం కళ్ళల్లో కనబడుతుంది.

ఈ క్రమశిక్షణకి గుర్తు ఒక చిన్న టికెట్. మూడు నెలలకోసారి సభ్యులతో మాట్లాడి, నడక సరిగ్గా ఉంటే పేరు రాసిన టికెట్ ఇచ్చేవాళ్ళు. అది ఉంటేనే సొసైటీ కూడికకి లోపలికి. కొందరికి ఇది అతిగా అనిపించింది. ఇంకొందరు బ్యాండ్లని చూసి, ఇది క్యాథలిక్ గురువు దగ్గర పాపపు ఒప్పుకోలు లాంటిదే అని విమర్శించారు. వెస్లీ జవాబు సింపుల్: ఇక్కడ ఎవరో ఒక గురువు దగ్గర అందరూ ఒప్పుకోవడం లేదు, అందరూ అందరి దగ్గరా ఒప్పుకుంటున్నారు, యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో ఉన్నది అదే అని. సభ్యులని చీలుస్తున్నారు, పారిష్ సహవాసాన్ని పాడుచేస్తున్నారు అన్నవాళ్ళని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు: అసలు ఆ పారిష్‌లో సహవాసం అనేది ఎక్కడుంది, పాడుచేయడానికి? ఎవరి ఆత్మ గురించి ఎవరు అడుగుతున్నారు?

ఈ గుంపుల్లో ఇంకొకటి జరిగింది. మాట్లాడటం రానివాళ్ళకి మాటలొచ్చాయి. బొగ్గుగని కార్మికుడు, నేతపని వాడు, పనిమనిషి, వీళ్ళ అభిప్రాయం ఎవరైనా అడిగారా ఎప్పుడైనా? క్లాసులో వారం వారం అడిగారు. చాలా క్లాసులకి స్త్రీలే లీడర్లు. సారా క్రాస్బీ అనే ఆవిడ 1761 ఫిబ్రవరిలో డెర్బీ ఊళ్ళో క్లాస్ నడపడానికి వెళ్ళింది. ముప్ఫై మంది వస్తారనుకుంటే రెండు వందల మంది దాకా వచ్చారు. ఒక్కొక్కరితో మాట్లాడటం కుదరదు. ఇక లేచి నిలబడి అందరితో కలిపి మాట్లాడింది. తర్వాత భయమేసి, ఇది ప్రసంగం చేసినట్టు అవుతుందా అని వెస్లీకి ఉత్తరం రాసింది. ఆయన, నువ్వు హద్దు దాటలేదు, కొనసాగించు అన్న అర్థంలో జవాబిచ్చాడు. మెథడిజంలో స్త్రీలు బోధించడానికి దారి అక్కడ తెరుచుకుంది. 1834లో టాల్‌పడిల్ అనే ఊళ్ళో కూలి తగ్గించొద్దని యూనియన్ కట్టినందుకు ఆరుగురు వ్యవసాయ కూలీలని ఆస్ట్రేలియాకి పంపేశారు కదా, ఆ ఆరుగురిలో ఐదుగురు మెథడిస్టులే. వాళ్ళ నాయకుడు జార్జ్ లవ్‌లెస్ వాక్యం చెప్పే మనిషి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, పెన్నీతో మొదలుపెట్టాం కాబట్టి. అప్పు తీరాక కూడా ఆ పెన్నీలు ఆగలేదు. లీడర్ దగ్గర పోగైన డబ్బు బీదవాళ్ళకి వెళ్ళేది, ఎవరికి జబ్బు చేసిందో లీడర్ కబురు చెప్పేవాడు. 1746లో లండన్‌లో వెస్లీ ఒక చిన్న అప్పుల నిధి పెట్టాడు. చిన్న మొత్తం తీసుకో, మూడు నెలల్లో కట్టెయ్, వడ్డీ లేదు. మీ అమ్మగారో, పిన్నిగారో డ్వాక్రా సంఘంలో ఉంటే ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది: ఒకరి సంగతి ఒకరికి తెలిసిన పదిమంది ఉంటే హామీ కాగితాలు అక్కర్లేదు. జేమ్స్ లాకింగ్టన్ అనే చెప్పులు కుట్టే కుర్రాడు ఈ నిధి నుంచి ఐదు పౌండ్లు అప్పు తీసుకుని పాత పుస్తకాలు కొని అమ్మాడు. కొన్నేళ్ళకి లండన్‌లోకెల్లా పెద్ద పుస్తకాల షాపు ఓనర్ అయ్యాడు. తమాషా ఏంటంటే, 1791లో రాసుకున్న ఆత్మకథలో మెథడిస్టులని బాగా వెక్కిరించాడు. 1804లో ఇంకో పుస్తకం రాసి, ఆ వెక్కిరింతకి పశ్చాత్తాపపడ్డాడు.

1791లో వెస్లీ చనిపోయేనాటికి బ్రిటన్‌లో సభ్యులు డెబ్బై వేలు దాటారు. ప్రతి ఒక్కరి పేరు ఏదో ఒక క్లాస్ పుస్తకంలో ఉంది. అంటే ఎవరో ఒకరు ఆ వారం వాళ్ళు రాకపోతే గమనిస్తారు.

మరి తర్వాత ఏమైంది? ఎందుకు ఆగింది? ఇది తొందరగా చెప్పేస్తాను, కానీ జాగ్రత్తగా వినండి. 19వ శతాబ్దంలో మెథడిస్టులు గౌరవనీయులయ్యారు. పెద్ద చర్చిలు కట్టారు. క్లాసులు పన్నెండు నుంచి ముప్ఫై, నలభై అయ్యాయి. అంతమందిలో ఎవరు నిజం చెప్తారు? వారం వారం అదే సాక్ష్యం, అవే మాటలు, బట్టీ పట్టినట్టు. పెన్నీ అనేది సభ్యత్వ రుసుముగా మారిపోయింది. ప్రశ్న అడగడానికి లీడర్‌కి మొహమాటం, చెప్పడానికి సభ్యుడికి సిగ్గు. అమెరికాలో దక్షిణాది మెథడిస్టు సంఘం 1866లో క్లాసుకి రావడం తప్పనిసరి కాదని నిర్ణయించింది. రూల్ పోయేనాటికి ప్రాణం ఎప్పుడో పోయింది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, మనవాళ్ళు దీని గురించి మాట్లాడరు కాబట్టి నేను చెప్తాను. చిన్న గుంపులో చెప్పుకున్న మాట గడప దాటితే ఆ మనిషి జీవితంలో మళ్ళీ ఎవరినీ నమ్మడు. "ప్రార్థన చేయండి" అనే పేరుతో ఒకరి రహస్యం సాయంత్రానికి మూడు వాట్సాప్ గ్రూపులు తిరగడం మీరూ చూసే ఉంటారు. న్యూకాసిల్‌లో నలుగురిని చెడు మాటలు చెప్పినందుకే తీసేశారని చెప్పాను కదా. ఆ విషయంలో వాళ్ళు మనకంటే కఠినం. అలాగే లీడర్ అనేవాడు సభ్యుల పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు, జీతాలు అన్నీ తనే నిర్ణయిస్తానంటే, అక్కడ్నుంచి లేచి రండి. క్లాస్ లీడర్‌కి ఆ అధికారం ఎప్పుడూ లేదు. అతను కూడా తన పైన ఉన్న గురువుకి వారం వారం లెక్క చెప్పాల్సిన మనిషే, పైగా తన సంగతి ముందుగా తానే చెప్పాలి.

మన నేల మీద ఏం జరిగిందంటే, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వాళ్ళతో ముగ్గురు తెలుగువాళ్ళు. అప్పటికి ఆ మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరుగుతూ ఉండేది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ మూడో అంకెనే మనం అందరం చెప్పుకుంటాం. ఐదుగురు, ఎనిమిది మంది అన్న అంకెలు ఎవరికీ గుర్తుండవు. ఆ వేలమందిని తర్వాత నిలబెట్టింది కూడా పల్లె పల్లెకీ, మాదిగవాడ వాడకీ నడిచి వెళ్ళిన తెలుగు బోధకులు. జాన్ క్లౌ ఒక్కడే అన్ని పల్లెలు చూసుకోవడం అయ్యే పని కాదు కదా. బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలు వచ్చి, ఏ పల్లెలో ఎవరు ఎలా ఉన్నారో చెప్పి వెళ్ళేవాళ్ళు.

వెస్లీ వారసత్వం నేరుగా వచ్చింది తెలంగాణకి. 19వ శతాబ్దం చివర్లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాద్ నుంచి పని మొదలుపెట్టి మెదక్ చేరారు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేసిన మెదక్ కెథడ్రల్ ముందు మీరందరూ సెల్ఫీ దిగే ఉంటారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ మెథడిస్టులు అందులో కలిశారు.

ఒక్క సంగతి మాత్రం నన్ను ఇబ్బంది పెడుతుంది. వెస్లీ క్లాసులు వీధిని బట్టి కట్టినవి, అందుకే ఒకే వీధిలో ఉన్న యజమానీ, పనివాడూ ఒకే బల్ల మీద కూర్చోవాల్సి వచ్చేది. మన ఊళ్ళల్లో వీధి అంటేనే కులం. వీధిని బట్టి గృహ కూడిక పెడితే ఒకే కులం కూడిక అవుతుంది. ఆదివారం ఒకే పైకప్పు కింద కూర్చున్నవాళ్ళు మంగళవారం ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళి టీ తాగుతున్నారా? మీ సెల్ గ్రూప్ లిస్టు ఒకసారి తీసి చూడండి, ఎవరి ఇళ్ళల్లో కూడిక పెడుతున్నారు, ఎవరి ఇంట్లో ఇంతవరకు ఒక్కసారి కూడా పెట్టలేదు అని. హాస్టల్లో, పీజీలో ఉండే మీలాంటి వాళ్ళకి ఈ విషయంలో మా తరం కంటే మంచి అవకాశం ఉంది, ఎందుకంటే అక్కడ రూమ్మేట్‌ని వీధి నిర్ణయించదు.

ఇంకా చాలామంది, "అన్నా, మా చర్చిలో ఇలాంటివి లేవు, మేమే పెట్టుకోవచ్చా?" అని అడుగుతున్నారు. మీ కాపరికి చెప్పి పెట్టుకోండి. దాచి పెట్టుకోవద్దు. సుసన్నమ్మ కూడా భర్తకి దాచలేదు, ఉత్తరం రాసింది. ఎనిమిది నుంచి పన్నెండు మంది, అంతకంటే పెరిగితే రెండు చేయండి. ఫోన్లు ఒక బుట్టలో వేయండి. ముందు లీడర్ తన వారం గురించి చెప్పాలి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇందాక పైపైన చెప్పిన బెంజమిన్ షుల్జ్ గురించి వివరంగా మాట్లాడుకుందాం.